కాన్ఫిగ్ ఫైలు చెడిపోతే ప్రోగ్రామ్ ఏం చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల రైస్ మిల్లులకీ, లారీ కాటాలకీ, రొయ్యల గుంటలకీ చిన్న చిన్న సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్ల కోసం ఈ పేజీ. ఈ చోట్ల సర్వర్ గది ఉండదు, సిస్టమ్ అడ్మిన్ ఉండడు. రేట్లు, తూకాల లెక్కలు లాంటి సెట్టింగ్స్ రాసి ఉంచే కాన్ఫిగ్ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చేది గుమస్తా. మర్నాడు పొద్దున్నే "అన్నా, సాఫ్ట్‌వేర్ లేవట్లేదు, ఏందో చూడు" అని ఫోన్ చేసేదీ ఆయనే. ఉదాహరణలు ఎక్కువగా పైథాన్‌వి. వేరే భాషలో రాసేవాళ్లకీ విషయం అదే.

తప్పు కనిపిస్తే ప్రోగ్రామ్ ఆగిపోవాలా, డిఫాల్ట్ విలువతో నడిచిపోవాలా?

డిఫాల్ట్ అంటే ఫైల్లో ఏమీ రాయనప్పుడు కోడ్ తనంతట తాను వాడుకునే విలువ. ప్రోగ్రామ్ మొత్తానికీ కలిపి ఒక్క జవాబు చెప్పలేం. ఒక్కో సెట్టింగ్‌కీ విడిగా తేల్చుకోవాలి.

మిల్లు సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. అందులో స్క్రీన్ మీద అక్షరాల సైజు ఒక సెట్టింగ్, పుట్టికి ఎన్ని కిలోలన్నది ఇంకో సెట్టింగ్. అక్షరాల సైజు లేకపోతే 14 అనుకుని ముందుకు పొండి, ఎవరి సొమ్మూ పోదు. పుట్టి సంగతి అలా కాదు. నెల్లూరు జిల్లాలో ధాన్యం పుట్టి అంటే 850 కిలోలు. వేరే ప్రాంతాల్లో లెక్క వేరు. కోడ్ రాసినతను ఎక్కడో కూర్చుని, ఏదో ఒకటి ఉండాలి కదా అని డిఫాల్ట్‌గా 1000 పెట్టాడనుకోండి. ఫైల్లో ఆ లైను ఎగిరిపోయిన రోజున 8,500 కిలోల లోడు 10 పుట్లకు బదులు ఎనిమిదిన్నర పుట్లుగా బిల్లవుతుంది. ప్రోగ్రామ్ ఆగదు, ఎర్రర్ రాదు, ప్రింటర్ చక్కగా బిల్లు కొట్టి ఇస్తుంది. రైతు గేటు దాటి ఇంటికెళ్లి లెక్కేసుకుంటే తెలుస్తుంది. లెక్కేసుకోకపోతే ఎప్పటికీ తెలియదు.

కాబట్టి డబ్బునీ బరువునీ తాకే సెట్టింగ్‌కి కోడ్‌లో డిఫాల్ట్ పెట్టొద్దు. అది ఫైల్లో లేకపోతే ప్రోగ్రామ్ లేవకూడదు. లేవనందుకు మీకు తిట్లు పడతాయి, పడనివ్వండి. ఆగిన ప్రోగ్రామ్‌ని అరగంటలో బాగుచేస్తాం, తప్పుడు బిల్లులు సీజనంతా పోయాక వెనక్కి తీసుకోలేం.

అయితే ఆగడమే నష్టమయ్యే పనులు కొన్ని ఉన్నాయి. రొయ్యల గుంటల దగ్గర అది చూద్దాం.

సెట్టింగ్ అసలు లేకపోవడం, తప్పుగా ఉండటం, రెండూ ఒకటేనా?

కాదు. సెట్టింగ్ అసలు లేదు అంటే మనిషి దాని గురించి ఏమీ అనుకోలేదని అర్థం. అక్కడ డిఫాల్ట్‌కి చోటుంది. తప్పుగా ఉందంటే ఆయన ఏదో కావాలనుకున్నాడు, రాశాడు, కుదరలేదు. ఆ కోరికని పక్కనపెట్టి మీ డిఫాల్ట్‌తో నడిపితే ఆయన మార్చాననుకున్నది మారదు, మారలేదన్న సంగతీ ఆయనకి తెలియదు. అక్షరాల సైజు లాంటి చిల్లర సెట్టింగ్ అయినా సరే, "పద్నాలుగు" అని అక్షరాల్లో రాసుంటే కనీసం హెచ్చరిక చూపించాలి.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. సెట్టింగ్ పేరులోనే అక్షరం తప్పు పడితే అది "లేదు" కిందకి వస్తుంది, పైగా ఎవరికీ తెలియని కొత్త పేరు ఒకటి ఫైల్లో మిగులుతుంది. చాలా ప్రోగ్రాములు ఆ తెలియని పేరుని చూసీ చూడనట్టు వదిలేస్తాయి. వదలొద్దు. పైథాన్‌లో డిఫ్‌లిబ్ మాడ్యూల్‌లో దగ్గరి పోలికలు వెతికే ఫంక్షన్ ఉంది. దాంతో "తరుగు_శతం అనే సెట్టింగ్ లేదు, తరుగు_శాతం అని రాయబోయారా?" అని అడగొచ్చు. నాలుగు లైన్ల పని.

ఫైలే కనబడకపోతే?

కనబడకపోవడం వేరు, కనబడినా చదవడానికి అనుమతి లేకపోవడం వేరు. రెంటికీ వేరువేరు మాటలు చెప్పండి. మొదటిసారి నడుపుతున్నప్పుడు ఫైలు లేకపోతే నమూనా ఫైలు ఒకటి రాసిపెట్టి, "ఇది నింపి మళ్లీ నడపండి" అని ఆగడం మంచి పద్ధతి. ఉన్న ఫైలు చెడిందని దానిమీదే నమూనాని రాసేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. అందులో ఆయన రెండేళ్లుగా కూర్చిన రేట్లు ఉండొచ్చు.

రొయ్యల గుంటకి ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) నడిపే ప్రోగ్రామ్ మాది. అది ఆగితే పంటే పోతుంది. అప్పుడు కూడా ఆగమంటారా?

ఆగమనను. ఇక్కడ లెక్క తిరగబడుతుంది.

రాత్రిపూట గుంటలోని నాచూ, రొయ్యలూ, అడుగునున్న బురదా అన్నీ ఆక్సిజన్‌ని వాడుకునేవే, తయారు చేసేది ఏదీ ఉండదు. తెల్లవారుజాముకి నీళ్లలో కరిగిన ఆక్సిజన్ బాగా కిందకి పడుతుంది. వెనామీ రకం రొయ్యకి లీటరుకి 4 మిల్లీగ్రాములకి తగ్గకుండా చూసుకోవాలని రైతులందరికీ తెలుసు. సరిగ్గా ఆ వేళ కరెంటు పోయి వచ్చి, కంట్రోలర్ మళ్లీ స్టార్టయి, కాన్ఫిగ్‌లో కామా ఎక్కువైందని చెప్పి కూర్చుంటే గట్టు మీద దాన్ని చదివేవాళ్లెవరు?

ఇలాంటి చోట చేయాల్సింది: కాన్ఫిగ్ చదివి అన్ని పరీక్షలూ దాటిన ప్రతిసారీ దాని నకలు ఒకటి పక్కన దాచండి, తేదీతో సహా. ఈసారి ఫైలు చెడితే ఆ చివరి మంచి నకలుతో లేవండి. లేచి ఊరుకోకూడదు. సైరన్ మోగాలి, ఓనర్‌కి మెసేజ్ పోవాలి, స్క్రీన్ మీద "కొత్త ఫైల్లో తప్పుంది, ఫలానా తేదీ సెట్టింగ్స్‌తో నడుస్తోంది" అని ఎర్రగా ఉండాలి. తేదీ ఎందుకంటే, ఆ నకలు పోయిన పంటది కావచ్చు. పిల్ల సాంద్రత మారి ఉండొచ్చు, మోటార్లు మారి ఉండొచ్చు.

నకలు కూడా లేకపోతే? అన్ని ఏరియేటర్లూ ఆన్. కరెంటు బిల్లు పెరుగుతుంది, రొయ్య బతుకుతుంది. కాకపోతే ఈ నిర్ణయం ప్రోగ్రామర్‌ది కాదు. ఇన్‌స్టాల్ చేసే రోజునే ఓనర్‌ని అడిగి రాసుకోండి. డీజిల్ జనరేటర్ మీద అన్నీ ఒకేసారి ఆన్ అయితే అది మోయలేకపోవచ్చు, ఆ సంగతి ఆయనకే తెలుసు.

ఇంకో మాట. సాఫ్ట్‌వేర్ ఎంత జాగ్రత్తగా రాసినా కంట్రోలర్ బోర్డే కాలిపోతే ఏ కాన్ఫిగూ ఆదుకోదు. మోటార్‌ని ఆన్ ఆఫ్ చేసే స్విచ్చుని, అంటే రిలేని, నార్మల్లీ క్లోజ్డ్ (కంట్రోలర్ నుంచి కరెంటు రాకపోయినా కలిసే ఉండే) వైపు వైరింగ్ చేయించండి. కంట్రోలర్ చచ్చినా మోటార్ తిరుగుతూనే ఉంటుంది.

ఎర్రర్ మెసేజ్‌లో ఏమేం ఉండాలి?

ఏ ఫైలు, ఎన్నో లైను, ఏ సెట్టింగ్, ఏం కనిపించింది, ఏం ఉండాల్సింది, ఇప్పుడేం చేయాలి. ఫైలు పేరు ఒక్కటే చాలదు, పూర్తి దారి కావాలి. ఒకే కంప్యూటర్‌లో పాత ఫోల్డర్, కొత్త ఫోల్డర్, "కొత్త ఫోల్డర్ కాపీ" మూడూ ఉంటాయి, గుమస్తా వాటిలో ఏదో ఒకదాన్ని దిద్దుతూ ఉంటాడు.

పైథాన్ దానంతట అది ఇచ్చేది ఇరవై లైన్ల ట్రేస్‌బ్యాక్ (కోడ్‌లో తప్పు ఎక్కడ పుట్టిందో చూపే జాబితా), కింద కీ ఎర్రర్ అని ఒక ముక్క. దాన్ని లాగ్ ఫైల్లోకి పంపండి, అది మీకు పనికొస్తుంది. మనిషికి చూపించేది ఇలా ఉంటే చాలు:

"సెట్టింగ్స్ ఫైల్లో తప్పుంది. ఫైలు: డి డ్రైవ్, మిల్లు ఫోల్డర్, సెట్టింగ్స్. లైను 17: పుట్టి_కిలోలు = 85o. ఇక్కడ అంకె ఉండాలి, చివర ఇంగ్లీషు 'ఓ' అక్షరం పడింది. దిద్ది, సేవ్ చేసి, మళ్లీ తెరవండి. తప్పు నంబరు 203."

తప్పు నంబరు దేనికంటే, ఈ మెసేజ్ మీ దగ్గరికి వాట్సాప్ ఫొటోగానో, ఫోన్లో చదివి వినిపించగానో వస్తుంది. ఫొటో మసగ్గా ఉన్నా 203 అన్నది కనబడుతుంది. అందుకే మెసేజ్ ఒక్క స్క్రీన్‌లో పట్టాలి. ముఖ్యమైనది పైకి జరిగిపోయి కనబడకుండా పోకూడదు.

విండోస్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచేవాళ్లే ఎక్కువ కాబట్టి ప్రోగ్రామ్ తప్పు చెప్పి వెంటనే మూసుకుంటే నల్ల విండో అలా వచ్చి ఇలా పోతుంది. ఎంటర్ నొక్కేదాకా ఆపండి, లేదా డైలాగ్ బాక్స్ చూపించండి. నేను డైలాగ్ బాక్సే పెడతాను. పాత కమాండ్ ప్రాంప్ట్‌లో తెలుగు గుణింతాలూ వత్తులూ సరిగా కూర్చోవు.

పాస్‌వర్డ్ ఉన్న సెట్టింగ్ తప్పయితే విలువని మాత్రం చూపించొద్దు. ఆ ఫొటో ఎన్ని గ్రూపుల్లో తిరుగుతుందో మన చేతిలో లేదు.

తప్పుల్ని ఒక్కొక్కటిగా చూపాలా, అన్నీ ఒకేసారా?

అన్నీ ఒకేసారి. ఒకటి దిద్ది మళ్లీ తెరిస్తే ఇంకోటి, అది దిద్దితే మరోటి అంటే మూడోసారికి ఆయన ఫైలు మూసేసి మీకు ఫోన్ చేస్తాడు.

దీనికి పనిని రెండు మెట్లు చేయండి. మొదటి మెట్టు ఫైలు వ్యాకరణం: బ్రాకెట్ మూశారా, కొటేషన్ ఉందా. ఇందులో తప్పుంటే మొదటి తప్పు ఒక్కటే నమ్మదగ్గది, దాని తర్వాత పార్సర్ (ఫైలుని చదివి విడదీసే కోడ్) చెప్పేవన్నీ దాని వెంట పుట్టినవే కావచ్చు. రెండో మెట్టు విలువలు: అంకె కావాల్సిన చోట అంకె ఉందా, హద్దుల్లో ఉందా, ఒకదానికొకటి పొసుగుతున్నాయా. ఏరియేటర్ ఆన్ అయ్యే ఆక్సిజన్ మట్టం ఆఫ్ అయ్యే మట్టం కంటే తక్కువే కదా ఉండాలి? ఇలాంటివన్నీ ఒక జాబితాలో పోగేసి చివర్లో ఒక్కసారే చెప్పండి. పైడాంటిక్ లైబ్రరీ వాడితే విలువల తప్పులు పోగేసే పని అదే చూసుకుంటుంది.

ఏ ఫార్మాట్ మంచిది? జేసనా, యామలా, టామలా, ఐఎన్ఐనా?

ఈ నాలుగూ కాన్ఫిగ్ ఫైలు రాసే పద్ధతులు. మనిషి చేత్తో దిద్దే ఫైలైతే నా ఓటు టామల్‌కి.

జేసన్ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోడానికి బాగుంటుంది. దాంట్లో కామెంటు రాయడానికి లేదు, చివర కామా మిగిలితే ఒప్పుకోదు. "ఈ రేటు సంక్రాంతి దాకా" అని పక్కన రాసుకోలేని ఫైలు గుమస్తాకి ఎందుకు?

యామల్ చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది, చిక్కులన్నీ లోపల ఉంటాయి. ఇంగ్లీషులో నో, ఆఫ్ అని కొటేషన్ లేకుండా రాస్తే 1.1 వెర్షన్ ప్రకారం అవి మాటలు కావు, అబద్ధం అనే బూలియన్ (నిజం-అబద్ధం) విలువలు. 2009లో వచ్చిన 1.2లో దీన్ని తీసేశారు. కానీ పైథాన్‌లో అందరూ వాడే పైయామల్ ఇంకా 1.1 పద్ధతిలోనే చదువుతుంది. అంతకంటే విచిత్రం టైముది. ఏరియేటర్ ఆన్ టైము 22:30 అని రాస్తే అది అరవైల లెక్కలో 1350 అనే అంకె అవుతుంది. ఆఫ్ టైము 05:30 అని రాస్తే సున్నాతో మొదలైంది కాబట్టి మామూలు మాటగానే మిగులుతుంది. ఒకే ఫైల్లో పక్కపక్క లైన్లు, ఒకటి అంకె, ఇంకోటి మాట! టైములకి కొటేషన్లు పెట్టించండి, లేకపోయినా పట్టుకునేలా రకం తనిఖీ చేయండి.

ఐఎన్ఐలో అన్నీ మాటలే, అంకెలుండవు. అక్కడ జాగ్రత్త ఒక్కటే: పైథాన్‌లో "ఫాల్స్" అన్న మాటని బూల్ ఫంక్షన్‌కి ఇస్తే ట్రూ (నిజం) వస్తుంది, ఎందుకంటే ఖాళీ కాని మాట ఏదైనా దానికి నిజమే. కాన్ఫిగ్‌పార్సర్‌లోని గెట్‌బూలియన్ వాడండి.

టామల్‌ని టామ్ ప్రెస్టన్ వెర్నర్ 2013లో మొదలుపెట్టాడు, 1.0 వెర్షన్ 2021 జనవరిలో వచ్చింది. పైథాన్ 3.11 నుంచి చదివే మాడ్యూల్ భాషతోపాటే వస్తుంది, రాసేది మాత్రం రాదు. టామల్ కొంచెం మొండిది. నెల్లూరు ఎస్‌టీడీ కోడ్ 0861ని కొటేషన్ లేకుండా రాస్తే సున్నాతో మొదలయ్యే అంకె కుదరదని మొహం మీదే చెప్పేస్తుంది. ఈ మొండితనమే నాకు నచ్చుతుంది.

ఫైల్లో తెలుగు ఉంటే వచ్చే ఇబ్బందులేంటి?

చాలానే ఉన్నాయి. వీటి మీద ఇంగ్లీషు గైడ్లలో సగం సంగతులు దొరకవు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

విండోస్‌లో పైథాన్ ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతి) చెప్పకపోతే చాలా వెర్షన్లలో అది సిస్టమ్ పాత కోడ్‌పేజీని వాడుతుంది. మిల్లు పేరు తెలుగులో ఉంటే అక్కడే డీకోడ్ ఎర్రర్ వస్తుంది, లేదా పిచ్చి గుర్తులు వస్తాయి. యూటీఎఫ్-8 అని ప్రతిచోటా చెప్పి తెరవండి.

పాత నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8గా సేవ్ చేస్తే ఫైలు మొదట్లో కంటికి కనబడని మూడు బైట్లు చేరుస్తుంది. వాటినే బీఓఎం అంటారు. దాంతో "మొదటి లైను మొదటి అక్షరం తప్పు" అని ఎర్రర్ వస్తుంది, చూస్తే అక్కడ అన్నీ బాగానే ఉంటాయి. విండోస్ 10లో 1903 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ ఇది మానేసింది, కానీ మిల్లుల్లో ఇంకా విండోస్ 7 కంప్యూటర్లు నడుస్తున్నాయి. యూటీఎఫ్-8-సిగ్ ఎన్‌కోడింగ్‌తో చదివితే ఆ బైట్లున్నా లేకున్నా ఇబ్బంది లేదు.

సాఫ్ట్‌వేర్ అన్న మాట తెలుగులో టైప్ చేసేటప్పుడు ట వత్తు కిందకి వ రాకుండా మధ్యలో కనబడని అక్షరం ఒకటి వేస్తాం, జీరో విడ్త్ నాన్ జాయినర్. రైతు పేరు చివరి పొల్లు తర్వాతో రకం పేరు చివరి పొల్లు తర్వాతో అది ఒకచోట పడి ఇంకోచోట పడకపోతే రెండూ స్క్రీన్ మీద ఒకేలా కనబడతాయి, కంప్యూటర్‌కి మాత్రం వేర్వేరు. పోల్చేముందు దాన్ని తీసేయండి. సెట్టింగ్ పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచి, తెలుగుని విలువల్లో మాత్రమే పెట్టడం ఇంకా మేలు. పైన నేను తెలుగు పేర్లు రాసింది ఈ పేజీలో చదవడానికే.

వాట్సాప్‌లోనో వర్డ్‌లోనో పంపిన ముక్కని కాపీ చేస్తే నిలువు కొటేషన్లు వంపు కొటేషన్లుగా మారి వస్తుంటాయి. పార్సర్ వాటిని ఒప్పుకోదు. ఎర్రర్ వచ్చిన లైన్లో వంపు కొటేషన్ కనబడితే ఆ మాటే మెసేజ్‌లో చెప్పండి, ఫోన్ కాల్ ఒకటి తప్పుతుంది.

సరదాకి ఒకటి: పైథాన్ ఇంట్ ఫంక్షన్‌కి ౮౫౦ అని తెలుగు అంకెలిస్తే చక్కగా 850 ఇస్తుంది. టామల్ మాత్రం ఒప్పుకోదు.

కరెంటు పోయి వచ్చాక కాన్ఫిగ్ ఫైలు ఖాళీ అయిపోయింది. ఎవరు తుడిచారు?

మీ ప్రోగ్రామే. సెట్టింగ్స్ సేవ్ చేసేటప్పుడు ఫైలుని రాయడానికి తెరవగానే పాతది సున్నా బైట్లవుతుంది, కొత్తది డిస్క్ మీదకి చేరేలోపు కరెంటు పోయింది.

అదే ఫోల్డర్లో వేరే పేరుతో కొత్త ఫైలు రాయండి, ఎఫ్‌సింక్ చేసి డిస్క్‌కి చేర్చండి, ఆ తర్వాత ఓఎస్ మాడ్యూల్‌లోని రీప్లేస్‌తో పాత పేరు మీదకి మార్చండి. లినక్స్‌లో ఈ పేరు మార్పు ఒక్క ముక్కలో జరుగుతుంది: చదివేవాళ్లకి పాతదైనా దొరుకుతుంది, కొత్తదైనా దొరుకుతుంది, సగం దొరకదు. అదే ఫోల్డర్ అని ఎందుకన్నానంటే, వేరే డ్రైవ్‌లో రాసి తెస్తే అది పేరు మార్పు కాదు, కాపీ.

కాంపోర్ట్ తప్పని కాటా ప్రోగ్రామ్ లేవట్లేదు. ఇది కాన్ఫిగ్ తప్పేనా?

సగం సగం. కాంపోర్ట్ అంటే కాటా కేబుల్ తగిలించిన చోటుకి విండోస్ పెట్టే పేరు. యూఎస్‌బీ సీరియల్ కేబుల్‌ని ఒక సాకెట్ నుంచి తీసి ఇంకోదానికి పెడితే విండోస్ కొత్త కాంపోర్ట్ నంబర్ ఇవ్వొచ్చు. ఫైల్లో రాసింది నిన్నటిదాకా నిజమే. ఇలాంటి బయటి సంగతుల్ని, అంటే పోర్టు, నెట్, ప్రింటర్ వంటివాటిని కాన్ఫిగ్ తప్పుల్లో కలపొద్దు. ప్రోగ్రామ్ లేవాలి, "కాటా ఇండికేటర్ కాంపోర్ట్ 3లో లేదు, ప్రస్తుతం ఉన్నవి 5, 6" అని చూపాలి, వెతుకుతూ ఉండాలి. బరువు చేత్తో కొట్టే వీలు మాత్రం మూసి ఉంచండి, ఎందుకో కాటా ఓనర్లకి నేను చెప్పక్కర్లేదు.

లినక్స్‌లో మా సర్వీస్ పడుతూ లేస్తూ ఉంది. ఆపడం ఎలా?

కాన్ఫిగ్ తప్పయితే ఎన్నిసార్లు లేపినా పడుతుంది. యూనిక్స్ సంప్రదాయంలో కాన్ఫిగ్ తప్పుకి 78 అనే ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ఆగుతూ వదిలే నంబరు) ఉంది. ప్రోగ్రామ్ ఆ కోడ్‌తో ఆగేలా రాసి, సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీకి ఇచ్చే యూనిట్ ఫైల్లో రీస్టార్ట్ ప్రివెంట్ ఎగ్జిట్ స్టేటస్ దగ్గర 78 పెట్టండి. మిగతా కారణాలకి మళ్లీ లేపుతుంది, దీనికి లేపదు.

నడుస్తున్న ప్రోగ్రామ్‌కి కొత్త కాన్ఫిగ్ ఇవ్వాలంటే?

పూర్తిగా చదివి, పరీక్షించి, అన్నీ బాగుంటేనే పాతదాన్ని మార్చండి. ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ రీలోడ్ చేసేది ఇలాగే, కొత్త ఫైల్లో తప్పుంటే పాత సెట్టింగ్స్‌తోనే కొనసాగుతుంది. దానికి ఫైలుని నడపకుండా తనిఖీ మాత్రమే చేసే మైనస్ టి ఆప్షన్ కూడా ఉంది. మీ ప్రోగ్రామ్‌కీ అలాంటి "తనిఖీ" బటన్ ఒకటి పెట్టండి. గుమస్తా లారీలు రాకముందే నొక్కి చూసుకుంటాడు.

మా కాన్ఫిగ్‌ని మనుషులు ముట్టుకోరు, మా సర్వరే తయారుచేసి పంపుతుంది. అయినా ఇంత తనిఖీ అవసరమా?

అవసరమే. 2024 జూలై 19న సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక కంటెంట్ ఫైలుతో ప్రపంచమంతా విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షలు. చదివే కోడ్ 21వ ఫీల్డ్ కోసం చూసింది, దానికి అందినవి 20. 2025 నవంబర్ 18న, వెబ్‌సైట్ల ట్రాఫిక్‌ని మోసే సంస్థ క్లౌడ్‌ఫ్లేర్‌లో డేటాబేస్ అనుమతుల మార్పు వల్ల ఒక ఫైలు రెట్టింపు సైజైంది. చదివే ప్రోగ్రామ్‌లో 200 ఫీచర్ల హద్దు ఉంది, అది దాటగానే తప్పుని సంభాళించకుండా పడిపోయింది. రెండు ఫైళ్లనూ చేత్తో దిద్దినవాళ్లు లేరు, తయారుచేసింది సొంత యంత్రాలే.

వీటన్నిటినీ టెస్ట్ చేసేదెలా?

చెడ్డ ఫైళ్లకని ఒక ఫోల్డర్ పెట్టండి. ఫీల్డ్ నుంచి వచ్చిన ప్రతి చెడ్డ ఫైలునీ, పాస్‌వర్డులూ రైతుల పేర్లూ తీసేసి, అందులో వేయండి. ప్రోగ్రామ్ ఆగిందా లేదా అని మాత్రమే కాదు, ఏ మెసేజ్ ఇచ్చిందో కూడా పోల్చండి. ఒక్క ఫైలుతో మొదలుపెట్టాలంటే సున్నా బైట్ల ఖాళీ ఫైలు వేయండి. జేసన్ అయితే మొదటి లైన్లోనే విలువ లేదంటుంది. పైయామల్ నన్ (ఏమీ లేదు) అనే విలువ ఇచ్చి ఊరుకుంటుంది, ప్రోగ్రామ్ ఆ తర్వాత ఎక్కడో పడుతుంది. టామల్‌కైతే ఖాళీ ఫైలు పూర్తిగా చెల్లుబాటు. ఏ తప్పూ చెప్పకుండా ఖాళీ డిక్షనరీ ఇస్తుంది. పుట్టికి డిఫాల్ట్ పెట్టి ఉంటే ప్రోగ్రామ్ ఆ 1000 కిలోలతో మామూలుగా లేస్తుంది.